టెక్సాస్ శాసనసభ్యులు రాష్ట్రం దాటి ఎందుకు వెళ్తారు? కోరం లెక్క, వారెంట్లు, క్యాలెండర్

ప్రశ్న: 2025 ఆగస్టులో టెక్సాస్ డెమొక్రాట్లు సభకు రాకుండా షికాగో దగ్గర హోటల్లో మకాం వేశారు. అవతలి పార్టీకి పూర్తి మెజారిటీ ఉంది కదా, వీళ్లు లేకుండానే బిల్లు ఎందుకు పాస్ చేసుకోలేదు? అరెస్టు వారెంట్లు ఇచ్చి కూడా ఎందుకు పట్టుకురాలేకపోయారు? చివరికి నియోజకవర్గాల హద్దుల మ్యాప్ పాసైపోయాక ఈ తంటా అంతా దేనికి? రేపు మన దగ్గర డీలిమిటేషన్ వస్తే మనవాళ్లు కూడా ఇలా ఆపగలరా?

సమాధానం:

ముందు కోరం లెక్క చూద్దాం. అది తేలితే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

కోరం అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు. మన అసెంబ్లీల్లో అది పదో వంతు. టెక్సాస్ రాజ్యాంగం మూడో అధికరణ పదో సెక్షన్ ప్రకారం అక్కడ మూడింట రెండు వంతులు. ప్రతినిధుల సభలో 150 మంది, కాబట్టి కనీసం 100 మంది హాజరైతేనే సభ ఏ పనైనా చేయగలదు. 2025లో రిపబ్లికన్లు 88, డెమొక్రాట్లు 62. ఓటింగ్ వరకూ వస్తే 88 మందితో బిల్లు హాయిగా నెగ్గుతుంది. కానీ ఓటింగ్ దాకా రావాలంటే ఇంకో 12 మంది అవతలి పార్టీవాళ్లు సభలో ఉండి తీరాలి. అంటే 62 మందిలో 51 మంది బయట ఉంటే సభ ఆగిపోతుంది. 11 మంది అనారోగ్యం వల్లో, భయపడో, నచ్చకో ఉండిపోయినా నష్టం లేదు. పన్నెండో మనిషి వచ్చి కూర్చున్నాడా, అంతటితో అయిపోయింది. ఇలాంటి పోరాటంలో నాయకుడి పని ఉపన్యాసాలు ఇవ్వడం కాదు, ఆ పన్నెండో మనిషి జారిపోకుండా రోజూ లెక్క చూసుకోవడం.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, కాంగ్రెస్‌లో కూడా, కోరం సగానికి ఒకరు ఎక్కువ ఉంటే చాలు. మూడింట రెండు వంతులు అడిగేవి టెక్సాస్, ఒరెగన్, ఇండియానా, టెనెసీ. సభ ఎగ్గొట్టే వార్తలు మాటిమాటికీ ఒరెగన్, టెక్సాస్ నుంచే ఎందుకు వస్తాయో ఇప్పుడు తెలిసింది కదా.

క్యాంపు రాజకీయాలు మనకు కొత్త కాదు. అయితే మన క్యాంపుల్లో ఎక్కువసార్లు ఓటు చేజారకుండా సభ్యుల్ని దాస్తారు. ఇక్కడ అసలు ఓటింగే జరగకుండా దాక్కుంటారు. దీనికి దగ్గరి పోలిక మన మున్సిపాలిటీల్లో ఉంది. 2025 ఫిబ్రవరిలో తుని మున్సిపల్ వైస్ చైర్మన్ ఎన్నిక కౌన్సిలర్లు రాక, కోరం లేక పదే పదే వాయిదా పడింది. అక్కడ పని చేసిందీ ఇదే సూత్రం.

ఇక దేని కోసం ఈ గొడవ? టెక్సాస్‌కు అమెరికా ప్రతినిధుల సభలో 38 సీట్లు. అందులో 25 అప్పటికే రిపబ్లికన్లవి. మామూలుగా హద్దులు పదేళ్లకోసారి జనగణన తర్వాత మారుస్తారు. 2025లో అధ్యక్షుడు ట్రంప్ ఇంకో ఐదు సీట్లు కావాలని కోరడంతో, గవర్నర్ గ్రెగ్ ఆబట్ జూలై 21 నుంచి ప్రత్యేక సమావేశం పిలిచి మధ్యలోనే కొత్త మ్యాప్‌ను ఎజెండాలో పెట్టారు. అక్కడ నియోజకవర్గాల హద్దులు మామూలు బిల్లు లాంటివే: శాసనసభ పాస్ చేస్తుంది, గవర్నర్ సంతకం పెడతాడు. ఎవరు గెలవాలో తేల్చే గీతల్ని గెలవాల్సినవాళ్లే గీసుకుంటారు. నా దృష్టిలో జబ్బు అక్కడుంది. కోరం గొడవ ఆ జబ్బుకు వచ్చే జ్వరం.

గీతలతో సీట్లు ఎలా మారతాయో చిన్న లెక్కలో చూడండి. వెయ్యి మంది ఓటర్లు, ఐదు సీట్లు, సీటుకు 200 మంది. ఒక పార్టీకి 550 ఓట్లు, రెండో పార్టీకి 450. రెండో పార్టీ ఓటర్లలో 170 మందిని ఒకే సీటులోకి కుక్కేయండి. మిగిలిన 280 మందిని నాలుగు సీట్లకు డెబ్బై చొప్పున చల్లేయండి. ఆ నాలుగింటిలోనూ మొదటి పార్టీకి 130, రెండో పార్టీకి 70. ఓట్లు 55, 45 శాతం. సీట్లు మాత్రం నాలుగు, ఒకటి. ఓటరు ఒక్కడు కూడా మనసు మార్చుకోలేదు. కుక్కడాన్ని ప్యాకింగ్, చల్లడాన్ని క్రాకింగ్ అంటారు.

ఆస్టిన్ నగరం దీనికి నడిచే ఉదాహరణ. 2003 మ్యాప్‌లో ఒక నియోజకవర్గం ఆస్టిన్‌లో మొదలై మెక్సికో సరిహద్దు దాకా సుమారు 300 మైళ్లు సన్నటి పట్టీలా సాగింది. 2025 మ్యాప్‌లో ఆస్టిన్‌ ఆధారంగా ఉన్న రెండు డెమొక్రాట్ సీట్లలో 35వ నంబరును శాన్ ఆంటోనియో వైపు జరిపేశారు. మిగిలిన ఒక్క సీటుకు ఆ రెండు సీట్ల సభ్యులు లాయిడ్ డాగెట్, గ్రెగ్ కసార్ ఇద్దరూ పోటీ పడాల్సిన పరిస్థితి వచ్చింది. మ్యాప్ నిలిస్తే తాను పోటీ చేయనని డాగెట్ ప్రకటించారు.

కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారా? పార్టీ ప్రయోజనం కోసం హద్దులు గీయడం ఫెడరల్ (కేంద్ర) కోర్టులు తేల్చే విషయం కాదని అమెరికా సుప్రీంకోర్టు 2019లో రూచో కేసులో చెప్పేసింది. జాతి ఆధారంగా గీశారని రుజువు చేస్తేనే దారి. అందుకే సంఖ్యాబలం లేని పార్టీకి సభలో మిగిలే ఆయుధం కోరం ఒక్కటే.

ఇప్పుడు అరెస్టుల సంగతి. కోరం రావాలంటే సభ్యుల్ని తప్పించుకు తిరగనివ్వకూడదు, అది కూడా రాజ్యాంగంలోనే ఉంది: హాజరైనవాళ్లు కొద్దిమందే అయినా, రానివాళ్లను బలవంతంగా రప్పించే అధికారం వాళ్లకుంది. దీన్ని 'కాల్ ఆఫ్ ది హౌస్' అంటారు. ఆ తీర్మానం నెగ్గగానే సభ తలుపులు వేసేస్తారు. లోపల ఉన్నవాళ్లు రాతపూర్వక అనుమతి లేకుండా బయటికి వెళ్లలేరు. రానివాళ్ల పేరిట వారెంట్లు తయారవుతాయి, సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ (సభ భద్రత చూసే అధికారి), ఆయన తరఫున రాష్ట్ర పోలీసులు వెతకడానికి బయల్దేరతారు. 2021లో ఎన్నికల చట్టం బిల్లును ఆపడానికి డెమొక్రాట్లు ఇలాగే వెళ్లిపోయినప్పుడు ఈ వారెంట్ల మీద కేసు పడితే, సభ ఎగ్గొట్టే వెసులుబాటూ, ఎగ్గొట్టినవాళ్లను పట్టి తెచ్చే అధికారమూ రెండూ రాజ్యాంగమే ఇచ్చిందని టెక్సాస్ సుప్రీంకోర్టు ఆగస్టు 17న తీర్పు ఇచ్చింది.

కీలకం ఏమిటంటే, ఇవి క్రిమినల్ వారెంట్లు కావు. సభకు రాకపోవడం నేరం కాదు. పట్టుకున్నా జైల్లో వేయరు, సభలోకి తీసుకొచ్చి కూర్చోబెడతారు. నేరం కాదు కాబట్టి వేరే రాష్ట్రం నుంచి అప్పగించమని అడిగే వీలు లేదు. టెక్సాస్ సరిహద్దు దాటిన నిమిషం నుంచి ఆ వారెంటు చిత్తు కాగితం. దాక్కోవడమే లక్ష్యమైతే ఊళ్లోనే బంధువుల ఇంట్లో ఉండొచ్చు. రాష్ట్రం దాటేది ఈ హద్దు కోసం. 2025లో టెక్సాస్ ప్రభుత్వం తన వారెంట్లను అమలు చేయించమని ఇల్లినాయ్ కోర్టుకు వెళ్లింది. తనకు ఆ అధికారం లేదంటూ అక్కడి జడ్జి ఆగస్టు 13న కొట్టేశారు. అమెరికా సెనేట్‌లో టెక్సాస్ సభ్యుడు జాన్ కార్నిన్ ఎఫ్‌బీఐ సాయం అడిగారు. అయినా ఒక్కరిని కూడా బలవంతంగా వెనక్కి తేలేకపోయారు.

వెతకడానికి ఎంత దూరం వెళ్తారో 2003 మేలో, ఇలాంటి మ్యాప్ గొడవలోనే డెమొక్రాట్లు ఓక్లహోమా వెళ్లినప్పుడు, తెలిసింది. మాజీ స్పీకర్ పీట్ లేనీకి సొంత చిన్న విమానం ఉండేది. అది ఎక్కడుందో కనుక్కోవడానికి టెక్సాస్ పోలీసులు ఫెడరల్ హోంలాండ్ సెక్యూరిటీ వారి విమాన నిఘా కేంద్రాన్ని వాడారు. ఉగ్రవాదం మీద నిఘాకని కొత్తగా పెట్టిన శాఖను ఇలా వాడుకోవడం మీద తర్వాత పెద్ద దుమారమే రేగింది. ఇంకో పాత ముచ్చట: 1979లో టెక్సాస్ ఎగువ సభ సెనేటర్లు పన్నెండు మంది సభ ఎగ్గొట్టారు, వాళ్లలో చాలామంది ఆస్టిన్‌లోనే ఒక ఇంటి గ్యారేజీ గదిలో దాక్కున్నారు. టెక్సాస్ రేంజర్లు (రాష్ట్ర పోలీసుల్లో ఒక విభాగం) వాళ్లలో ఒకరిని పట్టుకున్నామనుకుని ఆయన సోదరుణ్ని పట్టుకెళ్లారు.

డబ్బు సంగతి కూడా తక్కువది కాదు. టెక్సాస్ శాసనసభ్యుడి జీతం రాజ్యాంగంలోనే రాసి ఉంది: నెలకు 600 డాలర్లు. 2021 సంఘటన తర్వాత సభ తన నియమాలు మార్చి, కోరం ఎగ్గొట్టిన ప్రతి రోజుకూ 500 డాలర్ల జరిమానా పెట్టింది. వెతికి పట్టుకోవడానికైన ఖర్చులో వాటా కూడా కట్టాలి. అంటే ఒక్క రోజు జరిమానా దాదాపు నెల జీతం. రెండు వారాలకు ఏడు వేల డాలర్లు, దాదాపు సంవత్సరం జీతానికి సమానం. హోటలు, బస్సులు, భోజనాలు దీనికి అదనం. కాబట్టి విరాళాలు లేకుండా ఈ పని సాగదు. అవతలి పక్షం ముందుగా కొట్టేదీ అక్కడే. 2025లో అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ చేసిన పని అదే: విరాళాలు సేకరిస్తున్న డెమొక్రాట్ నాయకుడు బీటో ఓరోర్క్ సంస్థ మీద కేసు వేసి, కోర్టు నుంచి తాత్కాలిక నిషేధం తెచ్చారు. 2003లో సెనేట్ అయితే ఒక్కొక్కరికి 57 వేల డాలర్ల జరిమానా లెక్క కట్టి, పార్కింగ్ స్థలాలు కూడా లాక్కుంది.

ఎక్కువమంది పట్టించుకోని ప్రమాదం ఇంకొకటుంది: ఖాళీ సీట్లు. కోరాన్ని మొత్తం సీట్ల మీద కాకుండా, ఉన్న సభ్యుల మీద లెక్కేస్తే ఖాళీ అయిన ప్రతి సీటూ గీతను కిందికి దించుతుంది. 2021 ఆగస్టు 19న అదే జరిగింది. రెండు సీట్లు ఖాళీ అవడంతో లెక్క 148కి తగ్గి, 99 మందితోనే కోరం ఉందని ప్రకటించారు. 2025లో గవర్నర్ నేరుగా ఈ దారి పట్టారు. డెమొక్రాట్ల నాయకుడు జీన్ వూ తన పదవిని వదిలేసినట్టే లెక్క అని, ఆ సీటు ఖాళీ అయినట్టు ప్రకటించమని ఆగస్టు 5న రాష్ట్ర సుప్రీంకోర్టులో క్వో వారంటో (ఏ హక్కుతో పదవిలో ఉన్నారని నిలదీసే) పిటిషన్ వేశారు. జీతం, జరిమానా పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. సీటే పోతే, ఆ ఓటర్లకు సభలో నోరే ఉండదు. ఓటర్లు ఎన్నుకున్న మనిషిని ఓటర్లతో పని లేకుండా తీసేయాలన్న ఈ వాదన జరిమానాలన్నింటికన్నా ప్రమాదకరమైనదని నేను అనుకుంటాను.

మీ అసలు ప్రశ్నకు వస్తాను: ఇదంతా దేనికి?

కోరం లేకుండా చేయడం ఓట్లతో ఆడే ఆట కాదు, గడియారంతో ఆడే ఆట. టెక్సాస్ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. చివరి వారాల్లో బిల్లులకు గట్టి గడువులు ఉంటాయి. ఆ గడువు దాటేదాకా బయట ఉంటే బిల్లు దానంతటదే చస్తుంది. 1979లో సెనేటర్లు సమావేశాల చివర్లో నాలుగు రోజులకు పైగా దాక్కుని, అధ్యక్ష ప్రైమరీ (పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) బిల్లును ఆపగలిగారు. 2003 మే 11 రాత్రి 50 మందికి పైగా సభ్యులు బస్సుల్లో ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్ చేరుకున్నారు. గురువారం అర్ధరాత్రి గడువు దాటగానే, శుక్రవారం ఇంటికి బయల్దేరారు. వాళ్లు ఎన్ని రోజులు ఉండాలో ముందే తెలుసుకుని వెళ్లారు, అందుకే అందరూ చివరిదాకా నిలబడ్డారు. 2021 మే 30 రాత్రి ఎన్నికల చట్టం బిల్లు మీద డెమొక్రాట్లు అర్ధరాత్రి గడువుకు కాస్త ముందు సభ నుంచి లేచిపోయారు. ఆ రాత్రికి బిల్లు ఆగింది.

కానీ గవర్నర్‌కు ప్రత్యేక సమావేశం పిలిచే అధికారం ఉంది. ఒక్కోటి 30 రోజులు మించకూడదు, ఎజెండా గవర్నర్ పెట్టిందే. ఎన్నిసార్లు పిలవొచ్చు అన్నదానికి మాత్రం పరిమితి లేదు. ఇక్కడ గడియారం గవర్నర్ చేతిలో ఉంటుంది. 2003 వేసవిలో పదకొండు మంది సెనేటర్లు న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో నెలకు పైగా ఉన్నారు. ఒక సమావేశం ముగిసింది, అంతలో ఇంకోటి ఖాయమైంది. వాళ్లలో జాన్ విట్‌మైర్, ఇప్పటి హ్యూస్టన్ మేయర్, వెనక్కి వచ్చేయడంతో లెక్క చెడింది. అక్టోబరులో మ్యాప్ పాసైంది. మరుసటి ఏడాది ఎన్నికల్లో రిపబ్లికన్లు 32 సీట్లలో 15 నుంచి 21కి పెరిగారు. 2021లోనూ అంతే: మేలో ఆగిన చట్టం, సభ్యులు వాషింగ్టన్‌లో ఐదు వారాలకు పైగా కూర్చున్నా, ఆగస్టు చివరికి సభ దాటింది.

2025 కూడా ప్రత్యేక సమావేశమే. ఆగస్టు 3 ఆదివారం వెళ్లారు. 15న మొదటి సమావేశం ముగిసింది, అదే రోజు రెండోది మొదలైంది. 18న తిరిగి వచ్చారు. 20న ప్రతినిధుల సభ 88–52తో, 23న సెనేట్ పాస్ చేశాయి. 29న గవర్నర్ సంతకం పెట్టారు. మ్యాప్‌ను ఆపలేకపోయారు, అది ఓటమే. ఆ పదిహేను రోజుల్లో కొన్నది మాత్రం చిన్నదేమీ కాదు. జూలైలో లోపలి పేజీ వార్తగా ఉన్న విషయం దేశమంతా తెలిసింది. కాలిఫోర్నియా తన స్వతంత్ర కమిషన్ గీసిన మ్యాప్‌ను పక్కనపెట్టి డెమొక్రాట్లకు అనుకూలమైన మ్యాప్‌ను ప్రజల ఓటుకు పెట్టింది. ప్రాపొజిషన్ 50 అనే ఆ ప్రతిపాదన నవంబర్ 4న నెగ్గింది. టెక్సాస్‌లో పోయిన ఐదు సీట్లకు అక్కడ ఐదు లక్ష్యంగా. కమిషన్‌తో హద్దులు గీయించుకున్న రాష్ట్రం కూడా ఈ బాట పట్టాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది, కానీ జరిగింది ఇదే.

కోర్టు భాగం త్వరగా చెప్తాను. నవంబర్ 18న ముగ్గురు జడ్జిల ఫెడరల్ ధర్మాసనం టెక్సాస్ మ్యాప్‌ను 2–1తో ఆపింది, జాతి ఆధారంగా గీశారన్న కారణంతో. డిసెంబర్ 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. నామినేషన్ల గడువు డిసెంబర్ 8. ఇక్కడ కూడా అన్నీ గడువుల చుట్టూనే తిరిగాయి.

ఇలాంటి ప్రయత్నాలు ఎక్కడ బెడిసికొడతాయో కూడా తెలిసి ఉండాలి. అన్నింటికన్నా పెద్ద చిక్కు, ఎజెండాలో ఇంకేమున్నాయి అన్నది. 2025 జూలై 4న కెర్ కౌంటీ వరదల్లో వంద మందికి పైగా చనిపోయారు. వరద హెచ్చరికలు, సాయం బిల్లులను మ్యాప్ ఉన్న అదే ప్రత్యేక సమావేశంలో పెట్టారు. దాంతో సభ ఆగితే వరద బాధితుల పని కూడా ఆపినట్టయింది, విమర్శ అక్కడే తగిలింది. రెండోది, రెండు సభల్లో ఒకటి నిలిచినా రెండోది పోవచ్చు: ఆగస్టు 12న టెక్సాస్ సెనేట్‌లో తొమ్మిది మంది డెమొక్రాట్లు లేచిపోయారు, ఇద్దరు ఉండిపోయారు. కోరం అలాగే ఉంది, మ్యాప్ 19–2తో పాసైంది.

విస్కాన్సిన్‌లో 2011లో పద్నాలుగు మంది డెమొక్రాట్ సెనేటర్లు ఇల్లినాయ్ వెళ్లారు. అక్కడ పెద్ద కోరం ఆర్థిక బిల్లులకే కావాలి: 33లో 20, రిపబ్లికన్ల దగ్గర 19. మూడు వారాల తర్వాత అవతలివాళ్లు బిల్లులోంచి ఆర్థిక అంశాలు తీసేసి, ఉద్యోగ సంఘాల హక్కులు తగ్గించే భాగాన్ని మార్చి 9న 18–1తో పాస్ చేసేశారు. కాబట్టి ఏ రకం బిల్లుకు ఎంత కోరం అన్నది వెళ్లేముందే చూసుకోవాలి. ఒరెగన్‌లో ఓటర్లకే విసుగొచ్చింది. 2022లో ప్రజల ఓటుకు పెట్టిన మెజర్ 113 నెగ్గి, అనుమతి లేకుండా పదిసార్లు సభకు రాకపోతే తర్వాతి పదవీకాలానికి అనర్హులన్న నియమం వచ్చింది. 2023లో ఆరు వారాలు బయట ఉన్న పది మంది సెనేటర్లపై, వాళ్లలో ఎక్కువమంది రిపబ్లికన్లే, అనర్హత పడింది. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 1న దాన్ని సమర్థించింది. ఈ ఆయుధం ఏ ఒక్క పార్టీదీ కాదని గుర్తుంచుకోండి.

తిరిగి వచ్చాక కూడా పని అయిపోదు. 2025 ఆగస్టు 18న వచ్చినవాళ్లు బయటికి వెళ్లాలంటే వెంట రాష్ట్ర పోలీసు ఉండటానికి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టాలన్నారు స్పీకర్ డస్టిన్ బరోస్. ఫోర్ట్‌వర్త్ సభ్యురాలు నికోల్ కాలియర్ పెట్టనన్నారు. తలుపులు వేసేశారు. ఆవిడ తన డెస్కు దగ్గర కుర్చీలోనే తల ఆనించి రెండు రాత్రులు సభలోనే గడిపారు. ఫ్రిస్కో, ఇర్వింగ్, షుగర్‌ల్యాండ్‌లో ఉన్న మన తెలుగువాళ్లు, అక్కడ ఓటు హక్కు ఉన్నవాళ్లు, తమ నియోజకవర్గం నంబరు మారిందేమో ఒకసారి చూసుకోవాలి. కౌంటీ ఓటరు కార్డు మీద అమెరికా కాంగ్రెస్ నియోజకవర్గం నంబరు విడిగా ఉంటుంది. పాత నంబరు మీద నమ్మకంతో ఉండకండి.

మన దగ్గర? రెండు కారణాల వల్ల ఈ దారి పనికిరాదు. మొదటిది కోరం. రాజ్యాంగం 189వ అధికరణ ప్రకారం పది మంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. ఆంధ్రప్రదేశ్‌లో 175కి 18 మంది, తెలంగాణలో 119కి 12 మంది చాలు. అధికార పక్షం ఒక్కటే కూర్చున్నా సభ నడుస్తుంది, ప్రతిపక్షం మొత్తం వెళ్లిపోయినా సభ ఆగదు. రెండోది ఇంకా ముఖ్యం: మన హద్దులు శాసనసభ గీయదు. డీలిమిటేషన్ కమిషన్ గీస్తుంది, దాని ఉత్తర్వుకు చట్టం బలం ఉంటుంది, 329వ అధికరణ కోర్టు దారి కూడా చాలావరకు మూసేస్తుంది. 2014 విభజన చట్టం సెక్షన్ 26లో సీట్లు 175 నుంచి 225కి, 119 నుంచి 153కి పెరగాలని ఉన్నా, అది 170వ అధికరణకు లోబడి అన్నారు. 2001 నాటి 84వ సవరణ 2026 తర్వాతి మొదటి జనగణన దాకా ఆగమంటోంది. వెంటనే చేయించమన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జూలైలో కొట్టేసింది.

కాబట్టి మనవాళ్లు బలం పెట్టాల్సిన చోటు వేరు. 2002 డీలిమిటేషన్ చట్టం ప్రకారం ఆంధ్ర, తెలంగాణ లాంటి రాష్ట్రాల నుంచి ఐదుగురేసి ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు అనుబంధ సభ్యులుగా ఉంటారు. వాళ్లకు ఓటు లేదు, కానీ ముసాయిదా బయటికి రాకముందే చూసి అభ్యంతరం చెప్పొచ్చు, ఆ భిన్నాభిప్రాయం అచ్చవుతుంది కూడా. ముసాయిదా గెజిట్‌లో వచ్చాక అభ్యంతరాలకు గడువు పెడతారు, బహిరంగ విచారణలు జరుపుతారు. 'మా మండలం చీలిపోయింది' అని ఊరికే అనడం కన్నా, ఏ గ్రామాలు ఏ వైపు పోయాయి, జనాభా ఎంత, ఎలా కలిపితే సగటుకు దగ్గరవుతుంది అని జనగణన అంకెలతో కాగితం రాసి ఆ గడువులోపు ఇస్తేనే దానికి విలువ.